భూకంపాల పాఠం బడికి తీసుకెళ్ళాలంటే ముందు ఎవర్ని కలవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. మీరు బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటున్నారు, సొంత ఊరు కడప వైపు. ఆఫీసులో నలుగురు తెలుగువాళ్ళు కలిసి చుట్టుపక్కల నాలుగైదు బడుల్లో పిల్లలకు భూకంపాల గురించి చెప్పే కార్యక్రమం మొదలుపెట్టాలనుకున్నారు. కంపెనీ కొంత డబ్బిస్తానంది. ఆ డబ్బుతో బడికో భూకంప సెన్సార్ కొనిచ్చి, తెలిసిన సైంటిస్టు ఒకాయన చేత ఉపన్యాసాలు ఇప్పించాలని పథకం. ఇద్దరు హెడ్మాస్టర్లు "చూద్దాం లెండి" అని సాగనంపారు. మూడో ఆయన "బెంగళూరులో భూకంపాలేంటమ్మా, ట్రాఫిక్ రూల్స్ చెప్పండి, పుణ్యముంటుంది" అన్నారు. పొరపాటు ఎక్కడుందో చెప్పమని అడిగారు.

మాది హిందూపురం. బెంగళూరులో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. 2012 నుంచి భూకంపాల సంచీ ఒకటి భుజాన వేసుకుని ఇక్కడి బడులకూ, చిక్కబళ్ళాపురం, కోలారు వైపు బడులకూ తిరుగుతున్నాను. మొదటి రెండేళ్ళూ నేను చేసింది ఇప్పుడు మీరు చేస్తున్నదే. అందుకే కాస్త చనువు తీసుకుని చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

సెన్సార్ మాట ఇప్పుడే ఎత్తకండి. హెడ్మాస్టర్ గది కన్నా ముందు స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళండి. ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్సో సోషలో చెప్పే టీచర్ని కలవండి. "మేం వచ్చి చెప్తాం" అనొద్దు. "ఈ పాఠం చెప్పేటప్పుడు మీకు ఎక్కడ ఇబ్బందవుతోంది?" అని అడిగి, జవాబు రాసుకుని ఇంటికి రండి. మొదటి రోజుకి అంతకు మించి పనిలేదు. మిగతాదంతా ఆ జవాబులోంచే వస్తుంది.

ఇక ఆ మూడో హెడ్మాస్టర్ మాట. ఆయన్ని తప్పుపట్టకండి, అందులో సగం నిజముంది. 2002లో వచ్చిన భూకంప మండలాల పటంలో బెంగళూరు రెండో జోన్, అంటే దేశంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్. అదే పటంలో చెన్నైని రెండు నుంచి మూడుకు పెంచారు కానీ బెంగళూరు జోలికి రాలేదు. "మన కాళ్ళ కింద పెద్ద భూకంపం పొంచి ఉంది సార్" అని భయపెట్టి బడిలో అడుగుపెడితే అబద్ధంతో మొదలుపెట్టినట్టే. అసలు విషయం చెప్పండి చాలు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 పరిమాణంతో భూకంపం వచ్చి దాదాపు పదివేల మంది చనిపోయారు. అప్పటి పాత పటంలో ఆ ప్రాంతం ఒకటో జోన్, 2002 పటంలో మనమున్న రెండో జోన్ కన్నా ఇంకా కిందిది. వినాయక నిమజ్జనం చూసి వచ్చి పడుకున్న జనం మీద రాతిగోడలూ మట్టి కప్పులూ పడ్డాయి. కిల్లారి ఫొటోలు చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మన సీమ పల్లెల్లో మట్టి మిద్దెలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా, అచ్చం అవే గోడలు, అదే కప్పు. తక్కువ ప్రమాదం అని పటంలో ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. పైగా ఈ పిల్లలు జీవితాంతం బెంగళూరులోనే ఉండరు. ఉద్యోగానికి ఢిల్లీ వెళ్తే అదే 2002 పటంలో నాలుగో జోన్, గువాహతి వెళ్తే ఐదో జోన్, టోక్యో వెళ్తే చెప్పనే అక్కర్లేదు.

అయితే హెడ్మాస్టర్ని ఒప్పించేది ఈ వాదన కాదని అనుభవం మీద తెలిసింది. "పాఠ్యపుస్తకంలో ఉన్న పాఠాన్నే మీ టీచర్లు ఇంకాస్త సులువుగా చెప్పేలా సాయం చేస్తాం, అదనంగా ఒక్క పీరియడ్ కూడా అడగం" అంటే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. అదనపు పీరియడ్ అన్న మాట వింటేనే బడి తలుపులు మూసుకుంటాయి.

నేనెలా దెబ్బతిన్నానో చెప్తాను. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం రెండు దాటాక సుమత్రా తీరానికి దూరంగా సముద్రం కింద 8.6 పరిమాణంతో భూకంపం వచ్చింది. రెండు గంటల తరువాత 8.2తో ఇంకోటి. బెంగళూరు అక్కడికి సుమారు 2,000 కిలోమీటర్లు. మా కాలేజీ పై అంతస్తులో ల్యాబ్‌లో ఉన్నాను, ఆపేసి ఉన్న ఫ్యాన్లు ఊగాయి. ఎత్తయిన ఆఫీసుల్లోంచి జనం రోడ్ల మీదకు వచ్చేశారు, చెన్నైలోనూ అంతే. కింది అంతస్తులో ఉన్న మా అటెండరు మాత్రం "ఏమైంది సార్, ఎందుకు పరుగెడుతున్నారు?" అని అడిగాడు. ఆయనకేమీ తెలియలేదు. ఆ ఊపులో ఒక బడికి వెళ్ళి హాల్లో నాలుగు వందల మందిని కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ పెట్టి గంటన్నర దంచాను. 62 స్లయిడ్లు, అన్నీ ఇంగ్లీషులో. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. రెండు నెలల తరువాత వెళ్ళి పిల్లల్ని ఏం గుర్తుందని అడిగితే, కూలిన మేడల బొమ్మలు గుర్తున్నాయన్నారు. ఒక పాప ఆ రాత్రి నిద్రపోలేదట.

ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో టీ ఇస్తూ ఒక సైన్సు టీచరమ్మ అన్నారు, కోలారు జిల్లా ఆవిడ, ఇంట్లో తెలుగే: "బాగా చెప్పారు సార్. కానీ మీరు వెళ్ళిపోయాక పిల్లలడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది నేను. నాకేం ఇచ్చిపోతున్నారు?" నా చేతిలో పెన్‌డ్రైవ్ తప్ప ఏమీ లేదు. తరువాత ఆవిడతోనే కూర్చుని పాఠాన్ని మొదటినుంచి కట్టాం. ఇప్పుడు నేను చేసేదంతా ఆవిడ చలవే.

పాత ఎన్సీఈఆర్టీ ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో మెరుపులూ భూకంపాలూ ఒకే పాఠంలో ఉండేవి. నాకది అతుకుల బొంతలా కనిపించేది. ఆవిడ దాన్నే దారం చేసుకున్నారు. మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తరువాత వినిపిస్తుంది, మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. ఇది పల్లెటూరి పిల్లలకూ తెలుసు. భూకంపమూ అంతే, నేలలోంచి రెండు రకాల అలలు వస్తాయి. పి తరంగం రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు వెళ్తుంది, ఎస్ తరంగం మూడున్నర. ముందు చిన్న కుదుపు, తరువాత పెద్ద ఊపు. మధ్య సెకన్లను ఎనిమిదితో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో ఉజ్జాయింపుగా వస్తుంది. ఒక జాగ్రత్త: ఈ ఎనిమిది లెక్క దగ్గరి భూకంపాలకే. కొన్ని వందల కిలోమీటర్లు దాటితే తరంగాలు లోతుగా దిగి వేగం పెరుగుతుంది, లెక్క తప్పుతుంది. నేపాల్ భూకంపాన్ని హైదరాబాద్‌లో నమోదైన గీతతో లెక్కగట్టబోయి ఒక టీచర్ తలపట్టుకున్నారు, తప్పు ఆయనది కాదు, ఆ హద్దు చెప్పని నాది.

పి తరంగం ఎలా పాకుతుందో చెప్పడానికి మాకు స్ప్రింగు కన్నా గూడ్సు బండి బాగా పనికొచ్చింది. బండి కదిలేటప్పుడు ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా టకటకటక మంటూ ఒక కుదుపు పాకుతుంది చూడండి, అదే. పెట్టె కదిలేది జానెడు, కుదుపు వెళ్ళేది బండి పొడవునా. క్లాసులో అయితే పదిమంది పిల్లల్ని ఒకరి వెనక ఒకర్ని నిలబెట్టి భుజాల మీద చేతులు వేయించి, చివరివాడిని మెల్లగా ముందుకు తోయండి. తరువాత అదే వరుసను పక్కకు ఊపించండి, ఎస్ తరంగం. ఇప్పుడు అందర్నీ చేతులు దించేయమనండి, దగ్గరగా మాత్రం నిలబడాలి. వెనకనుంచి తోస్తే ఇంకా ముందుకు పోతుంది, ఒకరికొకరు తగులుతారు కాబట్టి. పక్కకు ఊపితే మాత్రం మొదటివాడి దగ్గరే ఆగిపోతుంది. ద్రవంలో ఎస్ తరంగం ఎందుకు పోదో, భూమి నడిబొడ్డులోని బయటి పొర (బయటి గర్భం) ద్రవమని మనిషి అక్కడికి వెళ్ళకుండానే ఎలా తెలుసుకున్నాడో అక్కడే అర్థమవుతుంది. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన నాకు ఇది తట్టలేదు, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

రిక్టర్ స్కేలు అన్నది అందరూ అనే మాటే, దాని లెక్క మాత్రం ఎవరికీ పట్టుబడదు. 5 కన్నా 6 ఒక్కటే ఎక్కువ కదా అంటారు. ఒక్క మెట్టుకు శక్తి సుమారు 32 రెట్లు, రెండు మెట్లకు వెయ్యి రెట్లు. పొడవు సేమియా ఒక పుల్ల విరవమనండి, తరువాత 32 పుల్లలు కలిపి విరవమనండి, తరువాత వెయ్యి పుల్లల కట్ట. రంజాన్ రోజుల్లో శివాజీనగర్‌లో పొడవు సేమియా కట్టలుగా దొరుకుతుంది, లేకుంటే సూపర్‌మార్కెట్లో స్పగెట్టి ఉండనే ఉంది. వెయ్యి ఎవరు లెక్కపెడతారని అడక్కండి. ఒక వంద తూచి పదింతలు తూకం వేస్తే సరి, లెక్కల టీచర్ కూడా మీ జట్టులోకి వచ్చేస్తారు. 2021 డిసెంబరు 22 ఉదయం చిక్కబళ్ళాపురం దగ్గర ఐదు నిమిషాల తేడాతో రెండు అదుర్లు వచ్చాయి, 3కి అటూఇటూ. అది ఒక పుల్ల అనుకుంటే కిల్లారి అరవై వేల పుల్లల పైచిలుకు. ఈ ఒక్క లెక్క చేసిన పిల్లలు తరువాత టీవీలో "భారీ భూకంపం, తీవ్రత 3.1" అని వస్తే నవ్వుతారు. ఆ నవ్వు చూడటానికే నేను ఇంకా తిరుగుతున్నాను.

ఆ చిక్కబళ్ళాపురం అదుర్ల తరువాత ఆ వైపు బడులకు వెళ్ళినప్పుడు ఇంకో సంగతి అర్థమైంది. పుస్తకం కన్నడంలో ఉంటుంది, పిల్లల ఇంట్లో తెలుగు. "కంపన" అంటే తలలూపుతారు, "నేల అదిరిందా?" అంటే నోళ్ళు తెరుచుకుంటాయి. ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు, గిన్నెలు మోగాయని, ఆవులు లేచాయని, అవ్వ "ఆదిశేషుడు తల మార్చుకుంటున్నాడు" అందని. అవ్వ మాటకు నవ్వకండి, టీచర్ని కూడా నవ్వనివ్వకండి. మీరు నవ్వితే ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు. "అవ్వకి ఎన్నిసార్లు అదిరినట్టు గుర్తుందో అడిగి రా" అనండి. అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది: ఆ ఏడు అంత వానలు పడ్డాక అదుర్లెందుకు? భారీ వానల నీరు రాతి పగుళ్ళలోకి దిగి, అక్కడి ఒత్తిడి మారి చిన్న చిన్న అదుర్లు రావడం దక్కన్‌లో తెలిసిన విషయమే. బోరుబావి నీళ్ళు ఎంత లోతుకు పోతాయో ఆ పిల్లలకు నాకంటే బాగా తెలుసు. పాఠం వాళ్ళ పొలంలోకే వెళ్ళిపోయింది.

పెద్దవాళ్ళను అడిగి రమ్మనే పని బెంగళూరు బడుల్లోనూ బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు: ఎక్కడున్నారు, ఎన్నో అంతస్తు, ఏం కదిలింది, ఏం చేశారు. మా కాగితాల్లో 1967 నాటి ఒంగోలు భూకంపం వచ్చింది, ఒక అబ్బాయి తాతయ్యది ఆ వైపు. 1969 భద్రాచలం వచ్చింది. 1993 కిల్లారి, 2001 గుజరాత్ భుజ్ వచ్చాయి. 2024 డిసెంబరు 4 ములుగు భూకంపం తరువాతయితే హైదరాబాద్‌లో చుట్టాలున్న ప్రతి పిల్లా ఫోన్ చేసి రాసుకొచ్చింది. దాని పరిమాణం 5.3, ఉదయం ఏడున్నరకు కాస్త ముందు. పరిమాణం (భూకంపం మొత్తం ఎంత పెద్దదన్నది) ఒక్కటే, తీవ్రత (ఒక్కో చోట ఎంత ఊపిందన్నది) ఊరు ఊరికీ వేరు అన్నది నేను నోటితో చెప్పనక్కర్లేకుండా కాగితాలే చెప్పాయి. పత్రికలు ఇప్పటికీ రెండు మాటలనూ కలిపేస్తున్నాయి కానీ ఆ ఎనిమిదో తరగతి కలపదు.

అటెండరుకు తెలియనిది నాకెందుకు తెలిసిందో చెప్పాలి కదా. కొబ్బరి ఈనెలు మూడు తీసుకోండి, జానెడు, రెండు జానలు, మూడు జానలు. అడుగున బంకమట్టిలో గుచ్చి, తలల మీద చిన్న బంకమట్టి ఉండలు పెట్టండి. పలకను నెమ్మదిగా ఊపితే పొడుగు ఈనె ఊగుతుంది, పొట్టిది కదలదు. గబగబా ఊపితే పొట్టిది వణుకుతుంది, పొడుగుది తల నిలబెట్టుకుంటుంది. మేడ ఒక్కసారి అటూఇటూ ఊగడానికి పట్టే కాలం అంతస్తుకు సుమారు పదోవంతు సెకను, పది అంతస్తులకు ఒక సెకను. దూరంనుంచి వచ్చేసరికి భూకంపంలో గబగబ అలలు దారిలోనే అరిగిపోయి నెమ్మది అలలే మిగులుతాయి, అవి పొడుగు మేడలనే పలకరిస్తాయి. ఆ తరువాత ఒక టీచర్ తానుగా ఇంకో మెట్టు ఎక్కించారు. కిందంతా పార్కింగ్ కోసం గోడల్లేకుండా స్తంభాల మీద నిలబెట్టిన మన అపార్ట్‌మెంట్ల సంగతేమిటని. భుజ్ భూకంపం కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవాటిలో అలాంటివి చాలా ఉన్నాయి. పిల్లలు సాయంత్రం ఇంటికెళ్ళి తమ అపార్ట్‌మెంటు కింద స్తంభాలు లెక్కపెట్టుకొచ్చారు. ఇద్దరు తండ్రులు నాకు ఫోన్ చేసి "పిల్లల్ని భయపెడుతున్నారేంటి" అని కోప్పడ్డారు. ఒకాయన మాత్రం బిల్డర్‌ని పిలిచి డ్రాయింగులు అడిగారట.

చెరువుల సంగతి కూడా బెంగళూరు టీచర్లకు బాగా నచ్చుతుంది. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. పూడ్చిన మెత్తటి మట్టి మీద ఊపు పెరుగుతుంది, గట్టి రాతి మీద తగ్గుతుంది. ఐఐఎస్సీ వాళ్ళు బెంగళూరు నేలను ఇలా ముక్కముక్కగా పరిశీలించారు కూడా. పళ్ళెంలో రాయి ఒకవైపు, జెల్లీ ఒకవైపు పెట్టి బల్లను తడితే చాలు, సోషల్ టీచర్ పాత పటాలు తెచ్చుకుంటారు.

ఇంత చెప్పి ఇంకా చెప్పనిది ఒకటుంది. అసలు బెంగళూరు పిల్లలకు అన్నిటికంటే దగ్గరి "భూకంపం" భూకంపమే కాదు. 2020 మే 20 మధ్యాహ్నం ఊరంతా ఒక పెద్ద చప్పుడు వినపడింది, కిటికీలు అదిరాయి. ఐదు నిమిషాల్లో వాట్సాప్ నిండా భూకంపమే. నేల వణుకును కొలిచే సీస్మోమీటర్లలో ఏమీ నమోదు కాలేదని విపత్తు నిర్వహణ కేంద్రం చెప్పింది, అది వాయుసేన విమానం పరీక్షలో పుట్టిన ధ్వని అని తరువాత తేలింది. క్లాసులో నేను ఆ జవాబు చెప్పను. "మీ ఇంట్లో కిటికీ అద్దాలు మోగాయా, కాళ్ళ కింద నేల ఊగిందా? చప్పుడు ముందా, కుదుపు ముందా? ఊరికి ఆ చివర ఉన్న మీ పిన్ని వాళ్ళకి ఎన్ని గంటలకు వినిపించింది?" అని అడిగి వదిలేస్తాను. గాలిలో ధ్వని సెకనుకు 340 మీటర్లు, రాతిలో పి తరంగం దానికి పదిహేడు రెట్లు. ఆ తేడాతో వాళ్ళే తేల్చుకుంటారు. పుకారును గుర్తుపట్టడం నేర్పిన పాఠం ఇంకేదీ నా సంచీలో లేదు. "రాత్రి పదికి మళ్ళీ వస్తుందని నాసా చెప్పింది" అనే మెసేజి వస్తే, భూకంపం రాబోయే గంట ఎవరూ చెప్పలేరని వాళ్ళకు అప్పటికే తెలుసు.

ఇప్పుడు బడితో పొత్తు కుదుర్చుకునే అసలు పనికి వస్తాను. ఇందులో సైన్సేమీ లేదు, అంతా ఇంగితమే. ప్రభుత్వ బడి అయితే బీఈఓ (బ్లాకు విద్యాధికారి) అనుమతి కాగితం ముందు తెచ్చుకోండి, లేకపోతే టీచర్‌కి ఇబ్బంది. ఒక్కో బడి తిరిగే కన్నా క్లస్టర్ (దగ్గరి బడుల గుంపు) స్థాయిలో టీచర్లు కూడే నెలవారీ సమావేశంలో గంటసేపు అడగండి, ఒకే దెబ్బకు పది బడుల టీచర్లు దొరుకుతారు. వర్క్‌షాప్ పెడితే హాజరు పత్రం, ఆ రోజును డ్యూటీగానే లెక్కించే ఓఓడీ ఉత్తర్వు తప్పకుండా ఉండాలి. శనివారం మధ్యాహ్నం లాక్కోకండి, అది వాళ్ళకు మిగిలిన సగం సెలవు. భోజనం బాగా పెట్టండి. నవ్వకండి, ఉప్పిట్టుతో సరిపెట్టిన మొదటి ఏడు పదకొండు మంది వచ్చారు, బిసిబేళె బాత్ పెట్టిన మరుసటేడు ముప్ఫైనాలుగు.

బడి తెరిచే జూన్‌లో మాట్లాడుకుని, జులై ఆగస్టుల్లో పని నడపండి. దసరా సెలవుల తరువాత ఊపు తగ్గుతుంది, జనవరి దాటాక ఎస్సెస్సెల్సీ (పదో తరగతి పరీక్షలు) తప్ప ఇంకో మాట వినిపించదు. ప్రతి బడి నుంచీ ఇద్దరు టీచర్లుండాలన్నది నా పట్టుదల. ఒక్కరితో మొదలుపెట్టిన మూడు బడుల్లో ఆ టీచర్ బదిలీ అయిన రోజే కార్యక్రమం ముగిసిపోయింది. మూడింటిలో ఒకచోట నేనిచ్చిన సామాను ఇప్పటికీ బీరువాలో తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

మీ సైంటిస్టు మిత్రుణ్ని ఉపన్యాసానికి వాడకండి, టీచర్ల ప్రశ్నలకు వాడండి. నెలకోసారి ఫోన్‌లో గంటసేపు ఆయన దొరికితే పది ఉపన్యాసాల పెట్టు. "భూకంపం ముందే కుక్కలకు తెలుస్తుందా సార్?" అని పిల్లలడిగితే టీచర్ ఏం చెప్పాలి? చిన్నగా వచ్చే పి తరంగం వాటికి మనకన్నా ముందు తెలియొచ్చు, అది సెకన్ల మాట. రోజుల ముందు తెలుస్తుందనడానికి ఆధారం లేదు. ఇలాంటి జవాబు నమ్మకంగా చెప్పే మనిషి వెనక ఉన్నాడని తెలిస్తే టీచర్ ధైర్యంగా క్లాసులో నిలబడతారు. చదువుకోవడానికి ఐఐటీ కాన్పూర్‌లోని నైసీ అనే భూకంప ఇంజనీరింగ్ సమాచార కేంద్రం వెలువరించిన చిన్న చిన్న పాఠాలున్నాయి, ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి గారు రాసినవి, ఇంటర్నెట్‌లో ఉచితం. కట్టడాల గురించి అంత తేటగా రాసినవి నేను వేరే చూడలేదు.

ఇక సెన్సార్. మీ కంపెనీ డబ్బు ఖర్చుపెట్టాలి కదా, తెలుసు. మొదటి ఏడు ఫోన్లతోనే నడపండి. ఫైఫాక్స్ అని ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్ళది, ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ (కదలికను పసిగట్టే భాగం) గీతను చూపిస్తుంది. ఫోన్ బల్ల మీద పెట్టి పక్కన గెంతితే చాలు, క్లాసంతా బల్ల చుట్టూ మూగుతుంది. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడి అయితే పిల్లలే స్ప్రింగు, అయస్కాంతం, తీగచుట్టతో సీస్మోమీటర్ కట్టుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ షేక్ లాంటి సెన్సార్ మంచిదే, కాదనను. నేపాల్‌లో 2015 భూకంపం తరువాత 22 బడుల్లో అలాంటివి పెట్టారు, టీచర్లకు వర్క్‌షాపులూ నడిపారు. అయితే అక్కడ దగ్గరి భూకంపాలు తరచూ వస్తాయి, గీత ఖాళీగా ఉండదు. ఇక్కడ మీరు పెట్టే సెన్సార్ రోజూ చూసేది బస్సుల్ని, మెట్రోని, మధ్యాహ్న భోజనం గంటకు పరుగెత్తే ఆరో తరగతిని. మా దాంట్లో నమోదైన మొదటి పెద్ద సంఘటన స్పోర్ట్స్ డే. ఆ విషయం ముందే చెప్పకపోతే రెండో నెలకల్లా "ఇందులో ఏమీ రావట్లేదు సార్" అంటారు. చెబితే ఆ రొదే పాఠమవుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా మనుషుల సందడి తగ్గి నేల వణుకు సగం దాకా తగ్గిందని శాస్త్రవేత్తలు తేల్చింది ఇలాంటి గీతలతోనే, అందులో ఇళ్ళలో, బడుల్లో పెట్టుకున్న చిన్న సెన్సార్లూ ఉన్నాయి. ఆదివారం గీతనూ సోమవారం గీతనూ పక్కపక్కన పెట్టమనండి, బెంగళూరు ఎన్నింటికి నిద్రలేస్తుందో కనిపిస్తుంది.

నిజమైన భూకంపాల గీతలు కావాలంటే హైదరాబాద్ ఎన్జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఆవరణలోని స్టేషన్ రికార్డులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వీలైతే గౌరీబిదనూరు మాట కూడా పిల్లలకు చెప్పండి. మా హిందూపురం పక్కనే, 1965 నుంచి భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళ సీస్మోమీటర్ల వరుస ఉంది అక్కడ, ఎక్కడో జరిగే అణుపరీక్షల వణుకును పట్టడానికి పెట్టింది. నా చిన్నప్పుడు ఆ కంచె పక్కనుంచే బస్సులో పోయేవాళ్ళం, అదేంటో మాకు ఏ టీచరూ చెప్పలేదు. వాళ్ళకూ ఎవరూ చెప్పి ఉండరు.

చెన్నైలో మీవాళ్ళెవరైనా ఇదే పని చేయాలనుకుంటే అక్కడ పాఠం సముద్రం వైపు తిరగాలి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం మన గడియారంలో ఉదయం 6:29కి, చెన్నైలో మంచాలు కూడా ఊగాయి. అల తొమ్మిది గంటల ప్రాంతంలో వచ్చింది. నాలుగు కిలోమీటర్ల లోతు సముద్రంలో సునామీ వేగం గంటకు 700 కిలోమీటర్ల పైచిలుకు, దూరం 2,000. తొమ్మిదో తరగతి పిల్లలు సుమారు రెండు గంటల నలభై అయిదు నిమిషాలని తేలుస్తారు, నిజంగా పట్టింది దానికి కాస్త తక్కువ. ఎందుకు తక్కువో అడగండి, పగులు అండమాన్ల దాకా పాకి అల మనకు దగ్గర్లోంచి బయల్దేరిందని తేలుతుంది. అప్పట్లో హెచ్చరించే వ్యవస్థ లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో (సముద్ర సమాచార సేవల కేంద్రం) 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. ఆ 2004 సునామీ రోజునే థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ బీచిలో పదేళ్ళ బ్రిటిష్ పిల్ల టిల్లీ స్మిత్ నీరు నురగలు కక్కడం చూసి అందర్నీ ఒడ్డు నుంచి పంపించిన సంగతి వినే ఉంటారు. రెండు వారాల ముందు ఆమెకు జాగ్రఫీ క్లాసులో ఆ పాఠం చెప్పిన టీచర్ని మాత్రం ఎవరూ తలుచుకోరు.

చివరగా డ్రిల్లు. అందరూ దీంతోనే మొదలుపెడతారు, నేను చివర్లో పెడతాను. వంగు, దాక్కో, పట్టుకో అన్నది విదేశీ బల్లల కోసం పుట్టిన మాట. మన బడుల్లో ముగ్గురు కూర్చునే బెంచి కింద ముగ్గురు పట్టరు, కొన్నిచోట్ల నేల మీదే కూర్చుంటారు. అప్పుడు కిటికీలకూ బీరువాలకూ దూరంగా లోపలి గోడ మూలకు జరిగి, ముడుచుకుని, సంచీ తల మీద పెట్టుకోమనడమే. ఊపు ఆగేదాకా మెట్ల వైపు పరుగెత్తకూడదు. భుజ్ భూకంపం రోజున అక్కడికి దగ్గర్లోని అంజార్‌లో రిపబ్లిక్ డే ఊరేగింపులో ఉన్న దాదాపు 200 మంది పిల్లలూ టీచర్లూ ఇరుకు వీధిలో రెండు పక్కల ఇళ్ళు కూలి చనిపోయారు. బయటంటే భద్రం అనుకోవద్దు, ఏ బయట అన్నది చూసుకోవాలి. మైదానానికి వెళ్ళే దారిలో పైనుంచి పడగలవి ఏమున్నాయో పిల్లల చేతే గుర్తులు పెట్టించండి. ఒక బడిలో గుర్తులు పెడుతుంటే రెండో అంతస్తు పిట్టగోడ మీద పూలకుండీలు పద్నాలుగు తేలాయి. ఆ సాయంత్రమే దించేశారు.

డ్రిల్లుకు ముందురోజు తల్లిదండ్రులకు కన్నడం, తెలుగు, తమిళం మూడింటిలోనూ మెసేజి పంపించండి. ఒకచోట నేను ఆ మాట మరిచాను. సైరన్ మోగిన పది నిమిషాలకు బడి గేటు ముందు ఆటోలు, స్కూటర్లు, ఏడుస్తున్న అమ్మలు. అక్కడ మళ్ళీ అడుగుపెట్టడానికి నాకు ఏడాది పట్టింది.

మొదటి స్టాఫ్‌రూమ్ జవాబులు వచ్చాక నాకు చెప్పండి, అప్పుడు ఏ పాఠం ముందు పెట్టాలో కూర్చుని చూద్దాం. క్లస్టర్ సమావేశం కుదిరితే నేనూ వస్తాను. ఈనెలు, సేమియా కట్ట నావి. స్ప్రింగు మాత్రం మీరు కొత్తది కొనాలి, నాదాన్ని మొన్న ఏడో తరగతి కుర్రాడొకడు చిక్కుముడి వేసి, విప్పి తెస్తానని ఇంటికి పట్టుకెళ్ళాడు.